పాత అద్భుత కథలు మూడు తరాలనూ ఎలా పట్టి ఉంచుతున్నాయి? విషాదాంతాలు మార్చి చెప్పవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మగారు మీకు చదివి వినిపించిన డెన్మార్క్ రచయిత ఆండర్సన్ కథల పుస్తకాన్నే ఇప్పుడు మీ ఎనిమిదేళ్ల పాప పట్టుకుని వదలడం లేదు. ఇంట్లో కొత్త పుస్తకాలు, కార్టూన్లు ఎన్ని ఉన్నా రాత్రి అయ్యేసరికి అదే కావాలంటోంది. దాదాపు రెండువందల ఏళ్ల కిందటి కథల్లో అంత ఏముంది? అలవాటు కొద్దీ అచ్చువేస్తున్నారా, నిజంగా వాటిలో బలం ఉందా? ఇంకొకటి, ఏడుపుతో ముగిసే కథల్ని కాస్త మార్చి చెప్పవచ్చా? ఈ పుస్తకం తర్వాత ఏం చదవాలి?

నేను 26 ఏళ్లుగా పిల్లల గ్రంథాలయంలో పని చేస్తున్నాను. వారానికి రెండు సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి కథ చదువుతాను. అందుకని పుస్తకాల్లో తెలుసుకున్నవీ, చదువుతున్నప్పుడు ఎదుటి మొహాల్లో చూసినవీ కలిపి చెబుతాను. ముందు మీ రెండో ప్రశ్నకి సూటిగా జవాబు: మార్చకండి. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మొదటి ప్రశ్న తేలాలి.

ఫెయిరీ టేల్స్, అంటే అద్భుత కథలు, అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. వాటిలో కొన్ని నోటి మాటగా వచ్చినవి. ఎవరు మొదట చెప్పారో ఎవరికీ తెలియదు. తొమ్మిదో శతాబ్దపు చైనా పుస్తకంలోనే యే షియెన్ అనే అమ్మాయీ, ఆమె పోగొట్టుకున్న చెప్పూ ఉన్నాయి. 1893లో మేరియన్ రోల్ఫ్ కాక్స్ అనే ఆవిడ సిండ్రెల్లా తరహా కథలు 345 పోగుచేసి అచ్చువేయించింది. ఇక రెండో రకం, ఫలానా రచయిత ఫలానా ఏడు కూర్చుని రాసినవి. 1697లో పారిస్‌లో షార్ల్ పెరో వేసిన ఎనిమిది వచన కథలు, 1740లో మదాం ద విల్‌నవ్ రాసిన 'బ్యూటీ అండ్ ద బీస్ట్', 1835 నుంచి డెన్మార్క్‌లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ రాసినవి, 1888లో ఆస్కార్ వైల్డ్ రాసినవి ఈ కోవలోవి. నోటి కథ పూర్తయితే 'కథ కంచికి, మనం ఇంటికి' అనుకుని లేస్తాం. ఈ రెండో రకంలో మంచివి అలా కంచికి పోవు, మన వెంట ఇంటికి వచ్చేస్తాయి. మీ పాపని పట్టుకున్నవి ఇవే.

తగరపు సిపాయి కథనే తీసుకోండి, 1838 నాటిది. ఒక పాత తగరపు చెంచాని కరిగించి 25 మంది సిపాయిల్ని పోశారు. చివరివాడి దగ్గరికి వచ్చేసరికి తగరం చాలలేదు. వాడికి ఒక్క కాలే. ఎదురుగా బల్ల మీద ఒక కాగితపు కోట, దాని గుమ్మంలో కాగితపు నాట్యకత్తె. ఆమె ఒక కాలు ఎంత ఎత్తుకి లేపి నిలబడిందంటే సిపాయికి అది కనిపించనే కనిపించదు. ఈమెకీ నాలాగే ఒక్క కాలు అనుకుంటాడు. వాడి ప్రేమ మొత్తం ఆ చూపు పొరపాటులోంచి పుట్టింది. ఆ మాట ఆండర్సన్ ఎక్కడా విడమర్చి చెప్పడు. ఇక్కడికి రాగానే ఆరేళ్ల పిల్లలు "అయ్యో, ఆమెకి రెండు కాళ్లున్నాయి!" అని అరుస్తారు. పక్కన కూర్చున్న అమ్మో నాన్నో చప్పుడు చేయరు. ఆ చప్పుడు లేకపోవడాన్ని నేను చాలాసార్లు విన్నాను.

తర్వాత సిపాయి కిటికీలోంచి వీధిలో పడతాడు. కాగితపు పడవలో మురుగుకాల్వ వెంట కొట్టుకుపోతాడు, చేప కడుపులో చేరతాడు, ఆ చేప అదే ఇంటి వంటింటికి రావడంతో మళ్లీ అదే బల్ల మీద నిలబడతాడు. అప్పుడు ఒక పిల్లవాడు ఉన్నట్టుండి అతన్ని పొయ్యిలోకి విసిరేస్తాడు. తలుపు తెరుచుకుని గాలి కొట్టి నాట్యకత్తె కూడా ఎగిరి అందులోనే పడుతుంది. మర్నాడు పనిమనిషి బూడిద ఎత్తుతుంటే చిన్న గుండె ఆకారంలో తగరపు ముద్ద దొరుకుతుంది. నాట్యకత్తె తాలూకు మిగిలింది ఒక చమ్కీ, బొగ్గులా మాడిపోయి. కథ అంతే.

"ఎందుకు విసిరాడు?" అని ప్రతి సారీ ఎవరో ఒకరు అడుగుతారు. పిల్లవాడు ఏ కారణమూ చెప్పలేదనే కథలో ఉంది. బల్ల మీదున్న నశ్యం డబ్బాలోని భూతం పనేనేమో అని ఒక అనుమానం మాత్రం పడతాడు రచయిత. నేను కూడా అదే చెబుతాను, "కారణం లేదమ్మా" అని. ఆ జవాబుని పెద్దవాళ్లకంటే పిల్లలు తొందరగా ఒప్పుకుంటారు. కారణం లేకుండా బొమ్మ విరిగిపోవడం, కారణం లేకుండా ఒక స్నేహితుడు మాట్లాడడం మానేయడం వాళ్లకి తెలిసిన సంగతులే. అలా జరుగుతుందని పెద్దవాళ్లు మాత్రం వాళ్లతో అనరు. ఈ కథ అంటుంది.

ఇంత పెద్ద దుఃఖాన్ని చెంచా, చమ్కీ వంటి చిన్న వస్తువుల్లో పెట్టడం ఆండర్సన్ పనితనం. ఆయన 1805లో ఓడెన్స్ పట్టణంలో చెప్పులు కుట్టే తండ్రికీ, బట్టలు ఉతికే తల్లికీ పుట్టినవాడు. రాజమహళ్ల గురించి రాసినా ఆయన చేతికి తగిలేది ఇంట్లో దొరికే వస్తువే. రాకుమారి నిజమైన రాకుమారేనా అని తేల్చడానికి ఆయనకి 20 పరుపులు, వాటి మీద 20 ఈకల బొంతలు, అన్నిటి అడుగున ఒక్క బఠాణీ గింజ చాలు. కథ చివర ఆ గింజని ప్రదర్శనశాలలో పెట్టారట, ఎవరూ ఎత్తుకుపోకపోతే ఇప్పటికీ చూడవచ్చట. వస్తువు చేతిలో పెట్టినట్టు ఉంటే నమ్మకం దానంతట అదే వస్తుంది. ఏ దేశపు పిల్లకైనా బఠాణీ అంటే ఏమిటో వివరించక్కర్లేదు కదా.

ఇక తరాల సంగతి. ఆండర్సన్ మొదటి చిన్న పుస్తకం 1835 మే నెలలో వచ్చింది. 'పిల్లలకి చెప్పిన కథలు' అని అట్ట మీద ఉంది. మాట్లాడుతున్నట్టు రాసిన ఆ భాష అప్పటి విమర్శకులు కొందరికి నచ్చలేదు. విద్యుత్తుకీ అయస్కాంతానికీ సంబంధం కనిపెట్టిన భౌతికశాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ ఆయనకి స్నేహితుడు. "నవల నీకు పేరు తెస్తుంది, ఈ కథలు నిన్ను అమరుణ్ణి చేస్తాయి" అన్న అర్థం వచ్చే మాట చెప్పాడు. ఆండర్సన్ స్వయంగా ఆ మాట నమ్మలేదు. 1843 చివర వచ్చిన సంపుటి నుంచి మాత్రం 'పిల్లలకి చెప్పిన' అనే ముక్క తీసేసి 'కొత్త కథలు' అని మాత్రమే వేశాడు. అదే ఏడు కవి ఇంగెమాన్‌కి రాసిన ఉత్తరంలో తన పద్ధతి చెప్పుకున్నాడు: పెద్దల కోసం ఒక ఆలోచన పట్టుకుంటాను, దాన్ని చిన్నవాళ్లకి చెబుతాను, పక్కనే అమ్మానాన్నా వింటున్నారని గుర్తుపెట్టుకుని వాళ్లకీ ఏదో ఒకటి ఇస్తాను అని. చివరి రోజుల్లో, చుట్టూ పిల్లలు మూగి ఉన్న తన విగ్రహం నమూనా చూపిస్తే ఒప్పుకోలేదు. తాను పిల్లల కోసం మాత్రమే రాయలేదన్నదే ఆయన బాధ. మీరు అడిగినదానికి నా ఉద్దేశంలో అసలు జవాబు ఆ ఉత్తరంలోనే ఉంది. ఈ కథల్ని మొదటి నుంచీ ఇద్దరు శ్రోతల్ని మనసులో పెట్టుకుని రాశారు. పుస్తకం పట్టుకుని చదివే మనిషికీ ఒక కథ, పక్కన ఒరిగి వినే మనిషికీ ఒక కథ, రెంటికీ వాక్యాలు మాత్రం అవే. ముప్పై ఏళ్ల తర్వాత వినే మనిషి చదివే మనిషిగా మారుతుంది. అప్పుడు ఆ రెండో కథ మొదటిసారి వినిపిస్తుంది. మీకు ఇప్పుడు జరుగుతున్నది ఇదే అనుకుంటాను.

1837 నాటి చక్రవర్తి కొత్త బట్టల కథ ఇందుకు మంచి ఉదాహరణ. తెలివితక్కువవాళ్లకి కనపడని బట్ట నేస్తామని ఇద్దరు మోసగాళ్లు చక్రవర్తిని నమ్మించిన కథ అది. అందరికీ గుర్తుండేది "ఒంటి మీద బట్టలే లేవు!" అన్న పిల్లవాడి కేక. ఆ కేక ఆండర్సన్ మొదట రాయలేదు, అచ్చుకి వెళ్లాక ప్రూఫుల్లో చేర్చాడు. ఆ ఒక్క మార్పుతో కథ పిల్లలదైంది. చాలామంది మర్చిపోయేది దాని తర్వాతి ముక్క. జనమంతా కేక అందుకున్నాక చక్రవర్తి ఒళ్లు జలదరిస్తుంది, వాళ్లు అన్నది నిజమేనని తెలిసిపోతుంది. అయినా ఊరేగింపు ఆగకూడదు అనుకుని ఇంకా నిటారుగా నడుస్తాడు. వెనక సేవకులు లేని చెంగుని పట్టుకుని నడుస్తూనే ఉంటారు. పిల్లలు కేక దగ్గర నవ్వుతారు. నాకు ఈ వయసులో కళ్లు ఆగిపోయేది ఆ సేవకుల చేతుల మీద. అంతకంటే ముందు, మగ్గం మీద ఏమీ కనపడకపోతే "నేను తెలివితక్కువవాణ్ణా? ఎవరికీ తెలియకూడదే" అనుకునే ముసలి మంత్రి మీద. అతను చెడ్డవాడు కాదు, నిజాయితీపరుడనే చక్రవర్తి అతన్ని పంపాడు. ఉద్యోగం చేసిన ఎవరికైనా అతను తెలిసినవాడే.

నీతి వల్ల ఈ కథలు నిలిచాయని కొందరంటారు. నేను ఒప్పుకోను. పెరో ప్రతి కథ చివరా పద్యంలో నీతి రాశాడు. సిండ్రెల్లాకైతే రెండు నీతులు: అందం కంటే మంచి నడవడిక విలువైనదని ఒకటి, ఎన్ని గుణాలున్నా పైకి తెచ్చే పెద్దదిక్కు లేకపోతే అవి పనికిరావని ఇంకొకటి. ఒకదానితో ఒకటి పోట్లాడుకునే ఆ రెండూ నిజానికి ముచ్చటగా ఉంటాయి. కానీ ఇవాళ సిండ్రెల్లా తెలిసిన నూరు మందిలో వాటిని చదివినవాళ్లు ఎందరు? పద్యాలు రాలిపోయాయి. గుమ్మడికాయ, ఆరు ఎలుకలు, గాజు చెప్పు మిగిలాయి. ఆండర్సన్ రాసిన 156 కథల్లోనూ జనం నోట నిలిచినవి ఏ పదిహేనో ఇరవయ్యో. ఉపదేశం బరువెక్కినవి సంపుటాల్లోనే ఉండిపోయాయి.

"కథలు మారుతూనే వచ్చాయి కదా, మేం మారిస్తే తప్పేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పెరో రాసిన ఎర్ర టోపీ పిల్లని తోడేలు మింగేస్తుంది, అక్కడితో కథ అయిపోతుంది. పొట్ట కోసి బయటికి తీసే వేటగాడు జర్మనీలో జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల పుస్తకంలో వచ్చాడు. ఆ గ్రిమ్ సోదరులే 1812లో వేసిన మొదటి కూర్పులో స్నో వైట్‌ని చంపించాలని చూసింది ఆమె కన్నతల్లి. 1819 కూర్పులో ఆమె సవతితల్లి అయింది. తల్లి అలా చేస్తుందని అచ్చులో ఉంచలేకపోయారు. 1857లో ఏడో కూర్పు వచ్చేదాకా వాళ్లు కథల్ని దిద్దుతూనే ఉన్నారు. అయితే గమనించండి, వాళ్లు ఆమెని సవతితల్లిని చేశారేగాని ఆమె ద్వేషాన్ని తగ్గించలేదు, ఆమె మాయా అద్దాన్ని తీసెయ్యలేదు. విల్‌నవ్ రాసిన నవలంత కథని 1756లో మదాం ద బోమాన్ కొద్ది పేజీలకి కుదించింది. కానీ బ్యూటీ ఆలస్యంగా తిరిగి వచ్చేసరికి తోటలో కాల్వ పక్కన మృగం రూపంలో ఉన్న బీస్ట్ స్పృహ లేకుండా పడి ఉండడాన్ని ఉంచింది. నిడివి కోసింది, నొప్పి కోయలేదు. మనం ఇంట్లో చేసే మార్పు సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది. కథంతా అలాగే ఉంచి నొప్పి ఒక్కటి తీసేస్తాం. తర్వాత ఆ కథకి రెండోసారి అడిగేవాళ్లుండరు.

1976లో వేసిన తన పుస్తకంలో మనస్తత్వశాస్త్ర రచయిత బ్రూనో బెటెల్‌హైమ్ ఇంకో మాట అన్నాడు. అద్భుత కథ పిల్లలకి చివర ఓదార్పునివ్వాలని, ఆండర్సన్ కథల్లో తగరపు సిపాయి, అగ్గిపుల్లల పిల్ల అందమైనవే అయినా ఆ ఓదార్పు ఇవ్వవని. పెద్ద మనిషి, ఆ పుస్తకం నాకు చాలా నేర్పింది. ఈ ఒక్క విషయంలో నా అనుభవం వేరు.

అగ్గిపుల్లల పిల్ల కథ 1845 చివర వచ్చింది. ఒకసారి దాన్ని పదకొండు మంది పిల్లలకి చదివాను. సంవత్సరం చివరి రాత్రి, మంచు, పిల్ల కాళ్లకి చెప్పుల్లేవు. ఉన్నవి తల్లి చెప్పులు, కాళ్లకంటే పెద్దవి. దూసుకొచ్చిన రెండు బళ్లని తప్పించుకుంటూ రోడ్డు దాటేటప్పుడు జారిపోయాయి. ఒకటి దొరకలేదు. రెండోది ఒక కుర్రాడు ఎత్తుకుపోతూ, నాకు పిల్లలు పుట్టినప్పుడు ఉయ్యాలగా వాడతాను అన్నాడు. తర్వాత ఒక్కొక్క పుల్లే వెలిగించడం, గోడలోంచి ఇనప పొయ్యి, వేపిన బాతు, దీపాల చెట్టు కనపడడం, చివరికి ఆమెని ప్రేమగా చూసిన ఒకే మనిషి, చనిపోయిన అమ్మమ్మ. అమ్మమ్మ మాయం కాకుండా ఉండాలని మిగిలిన పుల్లలన్నీ ఒక్కసారే గీసేస్తుంది. తెల్లారి జనానికి కనిపించింది గడ్డకట్టిన శరీరం, కాలిన పుల్లల కట్ట. వెచ్చదనం కోసం గీసుకుంది పాపం అన్నారు. ఆమె ఏమేం చూసిందో ఎవరికీ తెలియదు, అంటాడు ఆండర్సన్.

పుస్తకం మూశాక ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తొమ్మిదేళ్ల ఒక అబ్బాయి చావు గురించి అడగలేదు. "ఆ చెప్పు ఎత్తుకుపోయినవాడికి తెలిసిందా?" అన్నాడు. ఇంకో అమ్మాయి, "మనకి తెలుసు కదా, ఆ పాప ఏం చూసిందో" అంది. నాకు ఆ మాట దగ్గర గొంతు పట్టేసింది. ఎవరికీ తెలియదు అన్న వాక్యం చదివే ప్రతి ఒక్కరినీ తెలిసినవాళ్లని చేస్తుంది. ఆ పిల్ల ఒంటరిగా పోయింది, కానీ వింటున్నవాళ్లు ఆమె పక్కనే ఉన్నారు. బెటెల్‌హైమ్ అడిగిన ఓదార్పు అది కాకపోవచ్చు. ఆ సాయంత్రం పదకొండు మందికి మాత్రం ఏదో అందింది. వారం తిరక్కుండా నలుగురు అదే కథ మళ్లీ కావాలన్నారు.

ఇవన్నీ ముట్టుకోకూడని శిలాశాసనాలని నా ఉద్దేశం కాదు. చిన్న జలకన్య కథలో ఒకచోట ఆండర్సన్ తడబడ్డాడనే నేను నమ్ముతాను. ఆమె నాలుక ఇచ్చి కాళ్లు తెచ్చుకుంది, అడుగు తీసి అడుగు వేస్తే కత్తుల మీద నడిచినట్టుంటుంది. రాకుమారుడు ఇంకొకరిని పెళ్లాడాడు. అక్కలు తమ జుట్టు ఇచ్చి కత్తి తెచ్చారు, అతన్ని పొడిస్తే నువ్వు బతుకుతావన్నారు. ఆమె ఆ కత్తిని నీళ్లలోకి విసిరేసి తనూ దూకింది. అంతవరకు ఒక్క మాట వృథా లేదు. కానీ చివరన గాలికన్యలు వచ్చి, మంచి పిల్లలున్న ఇంటికి వెళితే అమరమైన ఆత్మ దొరకడానికి మాకున్న 300 ఏళ్ల గడువులో ఒక ఏడు తగ్గుతుంది, అల్లరి పిల్లని చూసి ఏడిస్తే కన్నీటిబొట్టుకొక రోజు పెరుగుతుంది అని లెక్క చెబుతారు. అప్పటిదాకా పక్కన కూర్చుని కథ చెప్పినవాడు ఉన్నట్టుండి బెత్తం పట్టుకున్నట్టుంటుంది. ఆ నాలుగు వాక్యాలు నేను గొంతెత్తి చదవను. గాలికన్యల్లో ఆమె కలిసిపోవడం దగ్గర ఆపేస్తాను. పిల్లలు పెద్దయ్యాక వాళ్లంతట వాళ్లు చదువుకోవచ్చు.

అన్ని కథలూ అన్ని వయసులకీ కావు, అది కూడా చెప్పాలి. ఫర్ చెట్టు కథ పిల్లలకి పెద్దగా ఎక్కదు. అడవిలో ఉన్నప్పుడు ఇంకెక్కడికో వెళ్లాలనుకునే చెట్టు, ఒక్క రాత్రి క్రిస్మస్ దీపాలతో వెలిగి, అటక మీద ఎలుకలకి తన కథ చెప్పుకుని, చివరికి మంటలో పడి చిటపటమంటుంది. ఒకసారి మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక పెద్దాయన తలుపు దగ్గర నిలబడి ఈ కథ చివరి భాగం విన్నారు. పిల్లలు అప్పటికే అటూఇటూ కదులుతున్నారు. మర్నాడు ఒంటరిగా వచ్చి ఆ పుస్తకం అడిగి తీసుకున్నారు. మీ పాప ఆ కథ దాటేస్తే బలవంతపెట్టకండి. దానికింకా టైముంది.

ఇప్పుడు చేయవలసినవి. సంక్షిప్త బొమ్మల పుస్తకాలు ఉంటే ఉండనివ్వండి, కానీ పూర్తి పాఠం ఉన్న అనువాదం ఒకటి సంపాదించండి. సరైనదో కాదో తెలియాలంటే తగరపు సిపాయి చివరి పేరా చూడండి. చమ్కీ గానీ దానిలాంటి మాట గానీ లేకుండా 'ఇద్దరూ కరిగి ఒక్కటయ్యారు' అని ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. చదివేటప్పుడు మధ్యలో ఆపి అర్థం చెప్పకండి. పాప ఏడిస్తే ఏడవనివ్వండి, దగ్గరికి తీసుకోండి, ఇది కథే కదా అని మాత్రం అనకండి. మళ్లీ అదే కథ అడిగితే, అందులో తనకి కావలసింది ఇంకా మిగిలి ఉందన్నమాట. తను భయపడి వద్దంటే మాత్రం ఆ రోజుకి పుస్తకం మూసేయండి, ఏ కథా పిల్ల నిద్ర కంటే ముఖ్యం కాదు.

తర్వాత ఏం చదవాలో కూడా అడిగారు కాబట్టి, 1844 చివర వచ్చిన మంచురాణి కథతో మొదలుపెట్టండి. దాన్ని ఏడు చిన్న కథలుగా రాశారు, రాత్రికి ఒకటి చొప్పున వారం సరిపోతుంది. కంట్లో అద్దం ముక్క పడి కై అనే అబ్బాయికి గులాబీల్లో పురుగులు మాత్రమే కనపడడం మొదలవుతుంది. గెర్డా అనే అమ్మాయి అతన్ని వెతుక్కుంటూ ఉత్తరాన మంచుదేశం దాకా వెళుతుంది. ఏడో రాత్రి ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంటికి తిరిగి వస్తారు. గడియారం టిక్ టిక్ మంటూనే ఉంటుంది, గదిలో అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. గుమ్మం దాటేటప్పుడు మాత్రం తాము పెద్దవాళ్లయిపోయామని వాళ్లకి తెలుస్తుంది. ఆ వాక్యం దగ్గర తొందరపడకండి. వీలైతే ఆ రాత్రి మీ అమ్మగారిని కూడా గదిలోకి పిలవండి. చివరి పేరాలో నానమ్మ ఎండలో కూర్చుని వాళ్లకి వినపడేలా చదువుతూ ఉంటుంది.